పురుషోత్తం ఇంటికొచ్చిన చవక గిటారు

సింగపూరులో సెంబవాంగ్ పాత షిప్‌యార్డు వాళ్ళని పురుషోత్తం ఎవరని అడిగితే, "కంటిచూపుతోనే వంకర పట్టేసే ఆయనా?" అంటారు. అక్కడి పెళ్ళిళ్ళలో పాటలు విన్నవాళ్ళని అడిగితే, "గిటారు అంకుల్" అంటారు. రెండూ నిజమే. ఉద్యోగమంతా ఓడల మరమ్మతుల్లో ఫిట్టరుగానే గడిపాడు. ఇనుప పలక మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, స్కేలు కిందినుంచి కాస్త వెలుతురు తొంగిచూసిందంటే చాలు, "వంకర. మళ్ళీ చెయ్యి" అనేసేవాడు. అవతలివాడు ఫోర్‌మన్ అయినా, కాళ్ళావేళ్ళా పడినా ఆ మాట వెనక్కి తీసుకునేవాడు కాదు. సాయంత్రం చేతుల గ్రీజు వదిలించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బ్యాండుతో పెళ్ళికి వెళ్ళేవాడు.

మనిషి మంచివాడే. తాగడు, అడిగినవాళ్ళకి కాదనకుండా సాయం చేస్తాడు, ఎనభై దాటిన తల్లి కుమారమ్మని కంటికి రెప్పలా చూసుకుంటాడు. గిటారు మాట ఎత్తితే మాత్రం ఆయనతో వేగడం ఎవరి తరమూ కాదు.

ఆ గిటారు వచ్చింది ఆయన కుర్రతనంలో. తండ్రి బంగారయ్య నౌకా కేంద్రంలో బట్టలు ఉతికే విభాగంలో పనిచేసేవాడు. అతని తాతలు విశాఖ వైపునుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు నావికుడు సామాను తగ్గించుకుంటూ ఓ ఎలక్ట్రిక్ గిటారు బంగారయ్య చేతిలో పెట్టి పోయాడు. ఎర్రగా, బరువుగా, గోటితో తడితే గంటలా మోగేది. దొర గిటారు అనేవాళ్ళు దాన్ని. ఇంట్లో సోఫా లేదు గానీ దొర గిటారు ఉంది.

అది గడప దాటిన రోజునే కుమారమ్మ దాన్ని పీట మీద నిలబెట్టి కిందినుంచి పైదాకా చూసింది. తల దగ్గర, తీగలు మెడ మీదికి దిగేచోట, చిటికెన వేలు కొస పట్టేంత గుంట ఒకటి కనపడింది ఆవిడకి. "సూడరా, దీనికి నుదురుంది. నుదుట్లో బొట్టుకి గుంట కూడా సేసి పెట్టినారు దొరలు" అని మురిసిపోయి, గంధం ముద్ద ఆ గుంటలో అద్ది, పైన కుంకుమ పెట్టింది. అప్పట్నుంచి ప్రతి సరస్వతీ పూజకీ అక్కడే గంధం, అక్కడే కుంకుమ. పాత బొట్టు తుడవకూడదు, దాని మీదే కొత్తది పెట్టాలి. ఇది మొదటి నియమం. రెండోది, తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు. పుస్తెలతాడు మార్చేటప్పుడు ఆడవాళ్ళు మెడ బోసిగా ఉంచుకోరే, అలాగే ఒక తీగ తీసి, దాని చోట కొత్తది వేసి, అప్పుడే రెండోది ముట్టుకోవాలి. ఇంత పతివ్రతలా బతికిన గిటారు సింగపూరులో మరొకటి ఉండి ఉండదు.

పురుషోత్తం ఆ రెండు నియమాలూ అక్షరాలా పాటించాడు. దేనికి బొట్టు పెట్టారో దానిమీద గౌరవం పెరిగింది, గౌరవంతోపాటు గర్వమూ పెరిగింది. బిషాన్‌నుంచీ క్లెమెంటినుంచీ ఉగాది కార్యక్రమాలకి వచ్చే కొత్త తెలుగువాళ్ళు, కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు, ఆన్‌లైన్‌లో కొన్న గిటార్లు తెచ్చి, "ఎలా ఉంది అంకుల్?" అని చూపించేవాళ్ళు. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పక్కింటివాళ్ళ పసిబిడ్డ తడిపేసినట్టు మొహం పెట్టి, వెనక్కిచ్చేసేవాడు. "బొమ్మ బావుంది. ఇంట్లో దండెం కట్టుకోడానికి పనికొస్తుంది" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. పాపం, తెచ్చినవాడు కూడా నవ్వేవాడు.

"నా గిటారు అందరికీ లొంగదు. చేతిలో సరుకుండాలి" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట ఒకసారి కూతురి మీద కూడా వాడేశాడు.

శాంతి అప్పటికి పదకొండేళ్ళ పిల్ల. తల్లి పోయిన ఏడాది అది. ఇంట్లో దిగులు పోగొట్టడానికి తండ్రి గిటారు నేర్పడం మొదలుపెట్టాడు, పిల్ల కూడా ప్రాణం పెట్టి నేర్చుకుంది. సరస్వతీ పూజ నాడు అమ్మవారి ముందు ఒక భజన పాట వాయించాలని అనుకున్నారు. బ్యాండువాళ్ళు, చుట్టాలు, ఎదురింటివాళ్ళు హాలు నిండా కూర్చున్నారు. పాట సగంలో, మెడకి నడిమధ్యన, చూపుడు వేలు అడ్డంగా పరిచి ఆరు తీగల్నీ ఒక్కసారే అదమాల్సిన పట్టు ఒకటుంది. బార్ అంటారు దాన్ని బ్యాండువాళ్ళు. శాంతి అదిమింది. తీగలు మోగలేదు, దగ్గాయి. మళ్ళీ అదిమింది. వేలు చర్మం చిట్లి తీగ మీద ఎర్రటి మరక పడింది.

"నాన్నా, స్ట్రింగ్స్ టూ హై. నా చేతికి అందట్లేదు లా" అంది పిల్ల ఇక్కడి బడిపిల్లల యాసలో, అందరి ముందూ.

అంతే, పురుషోత్తానికి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మవారి ముందు కూర్చుని అమ్మవారి గిటారుకి వంక పెడుతుందా! పిల్ల ఒళ్ళోంచి గిటారు లాగేసుకున్నాడు. "తీగలకేం కాలేదు. నీ చేతిలోనే సంగీతం లేదు. పోయి చదువుకో" అన్నాడు. ఫిట్టరు గొంతుతోనే అన్నాడు, ఇనుప పలకకి చెప్పినట్టు.

శాంతి వెళ్ళి చదువుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల గిటారు వైపు చూడలేదు, ఇంట్లో ఎవరూ చూడమనలేదు. ఇప్పుడు పెళ్ళయి బిషాన్‌లో ఉంటోంది, పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేస్తోంది. నోట్లో వేళ్ళు పెట్టినట్టే తెలియదు, అంత సుతారమైన చెయ్యి అని పేషెంట్లు మెచ్చుకుంటారట. ఆ సంగతి విన్నప్పుడల్లా పురుషోత్తం "ఊఁ" అని ఊరుకునేవాడు.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, మొన్న నవరాత్రుల ముందు ఒక శనివారం మధ్యాహ్నం ఆయన ఇంటికి పొడుగాటి అట్టపెట్టె ఒకటి వచ్చింది. బిషాన్ ఫ్లాట్‌లో పగలు ఎవరూ ఉండరని శాంతి తన పార్సెళ్ళన్నీ ఇక్కడికే రప్పించుకుంటుంది. మామ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది కదా. మామూలుగా వచ్చేవి చెప్పులు, వంటగిన్నెలు. ఈ పెట్టె మీద గిటారు బొమ్మ ఉంది.

పురుషోత్తం ఫోన్ చేశాడు. "ఏటమ్మా ఇది? ఎవరికి?"

"నాకే నాన్నా. క్లాసుకి వెళ్తున్నాను, ఇక్కడ కమ్యూనిటీ క్లబ్‌లో. అక్కడ క్లబ్ గిటార్ షేరింగ్ కదా, అందుకని కొన్నాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్తా. ఓపెన్ చెయ్యొద్దు, ఓకే?"

క్లాసుకా? ఈ వయసులోనా? గిటారు అంకుల్ కూతురు క్లబ్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర గిటారు నేర్చుకుంటోందా! సొంత ఇంట్లో దొర గిటారు పెట్టుకుని ఈ అట్టపెట్టె సరుకా!

"ఆ కంపెనీ పేరెప్పుడూ విన్లేదు నేను. అది గిటారు కాదు, చెక్కపేడు. వెనక్కి పంపించెయ్" అన్నాడు.

"టీచర్ ఓకే అన్నారు నాన్నా. చవకే గానీ బిగినర్‌కి చాలన్నారు."

"టీచరుకేం తెలుసు!"

"సుదా లా నాన్నా. వదిలెయ్యి" అని సగం మలయ్ భాషలో విసుక్కుని ఫోన్ పెట్టేసింది శాంతి.

తెరవొద్దంటే తెరవకుండా ఉండే మనిషైతే ఈ కథే లేదు. పిల్ల మోసపోకూడదు, తప్పులన్నీ పట్టి చూపిస్తే తనే వెనక్కి పంపుతుంది, అని తనకి తాను చెప్పుకుని టేపు కోసేశాడు. అసలు కారణం వేరే. ఆ పిల్ల చేతిలో సంగీతం లేదని తీర్పు చెప్పింది ఆయన. ఆ తీర్పు మీద ఆ పిల్ల మరెవరి దగ్గరికో అప్పీలుకి వెళ్ళింది. అది గుచ్చుకుంది.

పెట్టెలోంచి లేత నీలం గిటారు బయటికొచ్చింది. తేలిగ్గా ఉంది. "చూశావా, బరువే లేదు" అన్నాడు తల్లితో. కుమారమ్మ సోఫాలో కూర్చుని మురుక్కు నములుతూ, "రంగు బాగుందిరా" అంది. ఆయన వినిపించుకోలేదు. షిప్‌యార్డులో పలకని తడిమినట్టు మెడ అంచు వెంబడి బొటనవేలు జార్చాడు. ఒకటి రెండు చోట్ల లోహపు మెట్ల కొసలు కాస్త గరుకుగా తగిలాయి. "ఇదిగో!" అన్నాడు సంబరంగా. తీగ బిగించే బిరడా ఒకటి వదులుగా తిరిగింది. "ఇదిగో!" వైరు గుచ్చేచోట నట్టు కదులుతోంది. దాన్ని వేళ్ళతోనే బిగించి, "ఇదీ మీ చవక సరుకు" అన్నాడు. ఇంతవరకూ అంతా ఆయన అనుకున్నట్టే జరిగింది, మనిషి మంచి హుషారులో ఉన్నాడు.

ఇక వాయించి దాని సంగతి తేల్చేద్దామని శ్రుతి చేసుకుని, తన పాత యాంప్‌కి తగిలించి, ఒళ్ళో పెట్టుకున్నాడు. కావాలనే మెడ నడిమధ్యకి వెళ్ళాడు. చవక గిటార్ల బండారం అక్కడే బయటపడుతుందని ఆయన నమ్మకం. చూపుడు వేలు అడ్డంగా పరిచి, ఎప్పటిలాగే భుజంలోంచి బలం తెచ్చి గట్టిగా అదిమాడు.

తీగలు దబ్బున చెక్కకి కరుచుకున్నాయి. ఆయన తెచ్చిన బలం ఖర్చు పెట్టడానికి అక్కడ ఏమీ లేదు. లేదనుకున్న మెట్టు మీద కాలు పడ్డట్టు ఒళ్ళు తూలింది. చెయ్యి సడలించి, ఊరికే వేలు ఆనించి మీటాడు. ఆరు తీగలూ ఖణేల్‌మని మోగాయి.

పురుషోత్తం చెయ్యి తీసేసి గిటారు వైపు చూశాడు. పైమెట్టుకి వెళ్ళి మళ్ళీ ఆనించాడు, మోగింది. ఇంకా పైకి వెళ్ళాడు, మోగింది. ఒక్కో తీగనీ ఒక్కో మెట్టు మీదా పరీక్షించాడు, ఎక్కడైనా దగ్గుతుందేమోనని. చిట్టచివరి మెట్టు దగ్గర కొంచెం గరగరమంది, అంతే. నాదం దొర గిటారంత నిండుగా లేదు, నిజమే, కాస్త పలచన. కానీ చేతికి ఎంత సులువుగా ఉందంటే, ఈ మధ్య వేళ్ళు నొప్పులని వదిలేసిన పాటలన్నీ ఒకటొకటే వెనక్కి వచ్చేస్తున్నాయి. వయసైపోయింది, ఇక వేళ్ళు పనికిరావు అని మూడు పెళ్ళిళ్ళకి రానని చెప్పేసిన మనిషి. టక్కున వాయించడం ఆపేశాడు.

"ఏట్రా, ఆపీసినావేం? బాగుంది కదా" అంది కుమారమ్మ.

ఆయన గోడ మీంచి దొర గిటారు దింపి అదే పట్టు పట్టాడు. మణికట్టు దాకా జివ్వున లాగింది. తీగలు దగ్గాయి. ఆ దగ్గు ఎక్కడో విన్నాడు. ఎక్కడ విన్నాడో గుర్తొచ్చింది.

ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ పనిముట్ల పెట్టె తెరిచి స్టీలు స్కేలు తీశాడు. ఉద్యోగమంతా ఆయన చేతిలో తిరిగిన స్కేలు అది. ముందు నీలం గిటారు తీగల మధ్యన, మెడ పొడవునా నిలబెట్టి, కిటికీ వైపు తిప్పి, ఒక కన్ను మూశాడు. వెంట్రుకంత సందు ఉంది, ఉండాల్సినంతే. తర్వాత దొర గిటారు మెడ మీద నిలబెట్టాడు. స్కేలు రెండు కొసలూ ఆనాయి. నడిమధ్యన, కిందినుంచి, సెంబవాంగ్ మధ్యాహ్నపు ఎండంతా ఇవతలికి వచ్చింది.

వంకర.

సింగపూరుకి ఏ ఓడ వచ్చినా దాని పలకలన్నిటి వంకరా పట్టేసిన కన్ను, సొంత ఇంట్లో, గోడ మీద, రోజూ తుడిచి ముద్దుపెట్టుకునే గిటారు మీద ఒక్కసారైనా స్కేలు పెట్టలేదు. పెట్టాలని తోచనైనా తోచలేదు. బొట్టు పెట్టిన వస్తువుని ఎవరు కొలుస్తారు? తీగలు లాగుతూ లాగుతూ, ఈ ఊరి ఉక్కలో మెడ ఏడాదికి కాస్త చొప్పున విల్లులా వంగింది. దాంతోపాటే రోజంతా స్పానర్లు తిప్పే ఆయన చేతి బలమూ పెరుగుతూ వచ్చింది. అందుకే ఆయనకి తెలియలేదు. తెలిసింది ఒక్క పదకొండేళ్ళ పిల్లకి. ఆ పిల్ల చెప్పింది కూడా.

పురుషోత్తం కుర్చీలో కూలబడ్డాడు. కొత్త గిటారు అట్టపెట్టెలోంచి చిన్న ప్లాస్టిక్ సంచి ఒకటి జారి నేల మీద పడి ఉంది. అందులో ఎల్ ఆకారంలో వంగిన తాళంచెవి లాంటిది ఉంది, ఫిట్టర్లకి బాగా అలవాటైన పనిముట్టు. గిటారుతో అదెందుకిచ్చారు? నీలం గిటారుని పైనుంచి కిందికి వెతికాడు. తల దగ్గర, తీగలు మెడ మీదికి దిగేచోట, చిటికెన వేలు కొస పట్టేంత గుంట. లోపల నట్టు మెరుస్తోంది. ఆ తాళంచెవి పెడితే సరిగ్గా కూర్చుంది. ఫిట్టరుకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. మెడ లోపల నిలువునా ఇనుప కడ్డీ ఉంది, ఈ నట్టు బిగిస్తే వంగిన మెడ నిటారుగా వస్తుంది.

"మనదానికి ఇలాంటిది లేదు" అన్నాడు పైకే.

"ఏటి లేదు?" అంది తల్లి.

"ఈ గుంట."

"ఎందుకు లేదురా? నేను బొట్టెట్టేది అక్కడే కదా."

పురుషోత్తం తల్లి వైపు చూశాడు. ఆ చూపుకి కుమారమ్మ మురుక్కు నమలడం ఆపేసింది.

సన్నటి స్క్రూడ్రైవరు తెచ్చి దొర గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. "ఒరే, అమ్మోరి బొట్టురా! అన్నాళ్ళ బొట్టు తీసీకూడదురా!" అని కుమారమ్మ లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని నెమ్మదిగా పక్కకి పెట్టి, ఎర్రటి బొట్టు అంచున స్క్రూడ్రైవరు గుచ్చి తిప్పాడు. పైన కుంకుమ, కింద గంధం, దానికింద మళ్ళీ కుంకుమ, మళ్ళీ గంధం, పొరలు పొరలుగా రాయిలా గట్టిపడిన బిరడా ఒకటి టక్కున ఊడి ఆయన అరచేతిలో పడింది. మంచి గంధం వాసన గుప్పుమంది. ఆ వెనకాల గుంటలో, ఏళ్ళ తరబడి తడి గంధం తాగి తుప్పు పట్టిన నట్టు ఉంది. తాళంచెవి పెట్టి తిప్పితే కదలలేదు.

తర్వాత పురుషోత్తం చెప్పాడు, మెడ వంగింది, వంగితే సరిచేసే నట్టు ఇది, దీన్ని మనం మూసేశాం అని. కుమారమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంటే... ఆ పూజ నాడు ఆ పిల్ల ఏలు సిట్లింది నా బొట్టు వల్లేనేట్రా?"

"బొట్టు నువ్వు పెట్టావమ్మా. ఆ మాట అన్నది నేను" అన్నాడు పురుషోత్తం.

శాంతి వచ్చేసరికి హాలంతా అట్టముక్కలు, నేల మీద రెండు గిటార్లు. చెప్పులు విప్పుతూనే ఇంతెత్తున ఎగిరింది. "ఓపెన్ చెయ్యొద్దన్నాను కదా నాన్నా! నాది కదా, నేను కదా ఫస్ట్ ఓపెన్ చెయ్యాలి!" అప్పటికి తండ్రి మొహం చూసింది. "ఏమైంది? ఒంట్లో బావుందా? మామ్మా, ఏమైంది నాన్నకి?"

మామ్మ ఎప్పుడూ తలుపు దగ్గరే ఏదో ఒకటి అనే మనిషి, ఇవాళ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. శాంతికి భయమేసింది.

పురుషోత్తం నీలం గిటారు తీసి కూతురి చేతికిచ్చాడు. "కూర్చో. బార్ పట్టు. అక్కడే, నడిమధ్యన."

"నాకు రాదు నాన్నా. క్లాసులో ఇంకా బేసిక్సే. బార్ వద్దులే, నా చేతికి స్ట్రెంగ్త్ లేదు, నాకు తెలుసు" అంది శాంతి. మామూలుగా అంది, తనకి చెవుడో మెల్లకన్నో ఉన్నట్టు, చిన్నప్పట్నుంచీ అలవాటైపోయిన సంగతి చెప్పినట్టు. ఆ మాట పురుషోత్తం గుండెలో దిగబడిపోయింది.

"నా మాట విను. ఒక్కసారి."

శాంతి కూర్చుంది. భయం భయంగా వేలు పరిచి, కళ్ళు గట్టిగా మూసుకుని అదిమింది. మీటింది. ఆరు తీగలూ మోగాయి.

కళ్ళు తెరిచింది. తన వేలి వైపు చూసుకుంది. మోగింది యాంప్‌లోంచో మరెక్కడినుంచో అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ మీటింది. "ఎలా?" అంది. గొంతు పీలగా వచ్చింది. "నేనేం చెయ్యలేదు నాన్నా. ఎలా?"

ఆయన చెప్పలేదు, చూపించాడు. దొర గిటారు మెడ మీద స్కేలు నిలబెట్టి, కిటికీ వైపు తిప్పి, కూతురి కంటి దగ్గర పట్టుకున్నాడు. "వెలుతురు కనపడుతోందా?" అన్నాడు. "కనపడుతోంది" అంది. ఎర్ర బిరడా చూపించాడు, తుప్పు నట్టు చూపించాడు. ఫిట్టరు కూతురు కదా, శాంతికి అంతా క్షణంలో అర్థమైంది.

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బావుండుననుకున్నాడు. శాంతి అరవలేదు. బిరడాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ, "నీకో సంగతి చెప్పలేదు నాన్నా" అంది. "ఆ పూజ తర్వాత నేను ఆపలేదు. స్కూల్లో బల్ల అంచు ఉంటుంది కదా, దానిమీద రోజూ వేలు ప్రెస్ చేసేదాన్ని. చెయ్యి గట్టిపడ్డాక మళ్ళీ నిన్ను అడుగుదామని. సెకండరీ స్కూలుకి వెళ్ళాక కూడా చేశాను. బస్సులో ముందు సీటు కడ్డీ మీద కూడా. ఎంత చేసినా చెయ్యి స్ట్రాంగ్ అయిందో లేదో తెలిసేది కాదు. తర్వాత, సరే, నాన్న చెప్పింది కరెక్టే అనుకుని మానేశాను."

పురుషోత్తానికి మధ్యాహ్నంనుంచీ తగిలినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఆ పిల్ల పక్కగదిలో పడుకునేది. పొద్దున్నే తనే జడవేసి, తనే బస్సెక్కించేవాడు. ఆ బస్సులో కడ్డీ మీద వేలు అదుముకుంటూ, తండ్రి గిటారుకి సరిపోయే చెయ్యి తయారు చేసుకుంటూ ఏళ్ళపాటు స్కూలుకి వెళ్ళింది. ఆయనకి తెలియదు. ఆయన అడగలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు గానీ, ఆ మాట ఆయన ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు, ఎలా మొదలుపెట్టాలో చేతకాలేదు.

అందుకని దొర గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. యాంప్ వైరు నీలం గిటారుకే ఉంచేశాడు. "ఆ భజన పాట గుర్తుందా?" అన్నాడు.

శాంతి తలూపింది. తప్పులు పోతూ, ఆగుతూ మొదలుపెట్టింది. ఆయన వెనకాలే వంకర మెడ మీద తోడు వాయించాడు. కుమారమ్మ సోఫా చేతి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. పాట సగానికి వచ్చింది, ఆ పట్టు వచ్చింది. శాంతి వేలు ఆనించింది, మోగింది. పురుషోత్తం గట్టిగా అదమగలడు. ఈ వయసులో కూడా, నొప్పి ఓర్చుకుంటే, ఒక్కసారికి అదమగలడు. అదమలేదు. వేలు ఎంతవరకు సులువుగా వెళుతుందో అంతవరకే ఆనించాడు. తీగలు దగ్గాయి.

ఆయన వాయించడం ఆపేశాడు. వీధి తలుపు తెరిచే ఉంది, ఎదురింటి ఆవిడ కారిడార్లో కుండీలకి నీళ్ళు పోస్తోంది. ఆవిడ ఆ పూజ నాడు కూడా ఈ హాల్లోనే కూర్చుని ఉంది. పురుషోత్తం ఆవిడకి వినపడేలా, తల్లికి వినపడేలా, గట్టిగా అన్నాడు.

"తీగలు బాగా ఎత్తుగా ఉన్నాయి శాంతీ. నా చేతికి అందట్లేదు."

శాంతి వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి. నీలం గిటారు మీద టప్పున ఒక చుక్క పడితే చొక్కా అంచుతో తుడిచింది. తర్వాత గిటారు ఆయన వైపు జరిపి, "అయితే ఇది తీసుకో నాన్నా" అంది.

"వద్దమ్మా, అది నీది" అన్నాడు పురుషోత్తం. "నువ్వు వాయించు, నేను వింటాను."